దారి చూపు గడియారములు

పూర్వము నావికులు నక్షత్రములను చూచి దిక్కు తెలిసికొనెడివారు. నేడు మన చేతిలోని ఫోను, మానవుడు నిర్మించి నింగికి పంపిన ఉపగ్రహముల వలన దారి చెప్పుచున్నది. ఇది ఎట్లు జరుగునో తెలిసికొందము.

ఆ ఉపగ్రహము మనలను చూడదు. మనమున్న చోటు దానికి తెలియదు. తానున్న స్థానమును, తన గడియారములోని వేళను మాత్రము రేడియో తరంగములచే ఎడతెగక చాటుచుండును. ఆ తరంగము సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును. అది బయలుదేరిన వేళకును, చేరిన వేళకును గల భేదమును బట్టి ఫోను దూరమును లెక్కించును. అమెరికావారి జి.పి.ఎస్. ఉపగ్రహము సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున నుండును. అది నడినెత్తిన నున్నప్పుడు తరంగము మనలను చేరుటకు సెకనులో పదునైదవ వంతు చాలును.

మూడు ఉపగ్రహముల దూరములు తెలిసినచో మన స్థానము తేలును. కాని ఫోనులోని గడియారము అంత నిర్దుష్టమైనది కాదు. ఆ దోషమును సవరించుటకు నాల్గవ ఉపగ్రహము కావలయును. వేళయందు సెకనులో పదిలక్షవ వంతు తప్పినను దూరమున 300 మీటర్లు తప్పును. అందుచేతనే ఉపగ్రహములలో పరమాణు గడియారములను అమర్చుదురు.

కనుక గడియారము ఎవరి చేతిలో నున్నదో, దారియు వారి చేతిలో నున్నట్లే. అమెరికా 1978లో తొలి జి.పి.ఎస్. ఉపగ్రహమును పంపి, 1995 నాటికి 24 ఉపగ్రహముల వ్యవస్థను పూర్తిచేసినది. దానిని సైన్యము నిర్వహించుచున్నది. 2000 మే వరకు సామాన్యులకు అందు సంకేతమును బుద్ధిపూర్వకముగా చెరచి, సుమారు 100 మీటర్ల వరకు తప్పు వచ్చునట్లు పంపెడివారు. ఇతర రాజ్యములును ఊరకుండలేదు. సోవియట్ యూనియన్ 1982లో గ్లోనాస్ ఉపగ్రహములను పంపనారంభించినది. నేడు వానిని రష్యా నడుపుచున్నది. యూరప్ దేశములు కలిసి గెలీలియోను స్థాపించి, సైన్యమునకు గాక పౌరాధికారులకు అప్పగించినవి. చైనా తన బైదూ వ్యవస్థను 2020లో ప్రపంచమంతటికిని విస్తరింపజేసినది.

మన దేశమునకును, సరిహద్దులకు వెలుపల 1,500 కిలోమీటర్ల వరకును ఉపయోగపడునట్లు మనవారు ‘నావిక్’ను రూపొందించిరి. దాని తొలి ఉపగ్రహము 2013 జూలై 1న, ఏడవది 2016 ఏప్రిల్ 28న ఆంధ్రదేశమందలి శ్రీహరికోటనుండి లేచినవి. కాని విదేశమునుండి తెప్పించిన గడియారములలో కొన్ని చెడిపోయినవి. తొలి ఉపగ్రహమున మూడింటికి మూడును ఆగిపోయినవి. వేళ తెలియని ఉపగ్రహము ఆకాశమున నున్నను దారి చూపజాలదు. పిమ్మట మన శాస్త్రజ్ఞులు అహమ్మదాబాదులో స్వదేశీ రుబీడియం గడియారమును తయారుచేసిరి. 2023 మే 29న ఎన్.వి.ఎస్.-01 ఉపగ్రహము దానిని మోసికొని పోయినది. తరువాతి ఉపగ్రహము 2025 జనవరిలో ప్రయోగింపబడినను ఉద్దేశించిన కక్ష్యను చేరలేకపోయినది.

పని యింకను మిగిలియున్నది. దూరము, వేగము, కాలము – ఈ మూడింటి లెక్కను మనము తరగతిలో నిత్యము చేయుచునే యున్నాము. ఆకాశమున జరుగునదియు ఆ లెక్కయే. దానిని శ్రద్ధతో నేర్చినవారే రేపు ఆ గడియారములను నిలుపగలరు.