బండిలో విద్యుచ్ఛక్తిని పెంచుకొను విధము

1985లో స్థాపింపబడిన అమరరాజా సంస్థవారి బ్యాటరీ కర్మాగారము మన తిరుపతి చెంత కరకంబాడిలో నున్నది. ఇంటివలె వసతులు గల యాత్రాబండిలో రాత్రివేళ దీపములకును పంకాలకును ప్రత్యేకముగ నొక బ్యాటరీ యుంచెదరు. అది చాలనప్పుడు స్వల్పవ్యయముతో శక్తిని పెంచుట యెట్లో విచారింతము.

మొదట వాడుకను తగ్గింపవలయును. 75 వాట్ల పంకా 8 గంటలలో 600 వాట్-గంటల శక్తిని గ్రహించును. 30 వాట్లది 240 మాత్రమే గ్రహించును.

పిదప ధరనే గాక, వాడదగిన శక్తిని లెక్కింపవలయును. 12 వోల్టుల, 100 ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీలో 1200 వాట్-గంటలు గలవు. కాని ప్రతిదినము సగమునకు మించి వాడినచో దాని ఆయువు త్వరగా క్షీణించును. లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీలో నూటికి 80 పాళ్లు వాడవచ్చును. దాని వెల యధికము. అయినను సీసపుదానికంటె పెక్కు రెట్లు మారులు నింపి వాడవచ్చును. కావున నిత్యము వాడువారికి లిథియమే చౌక. ఏటికి కొలదిదినములు తిరుగువారికి సీసమే చాలును.

పాతదానికి క్రొత్తదానిని జతపరుపరాదు; బలహీనమైనది రెండవదానిని గూడ చెరచును.

విద్యార్థులారా! ఇంట బ్యాటరీ కొనుటకు ముందు ఈ లెక్కను మీ తల్లిదండ్రులకు వేసి చూపుడు.