బయానా ఇచ్చే ముందు ఒక వానాకాలం ఆగండి

రిటైరయ్యాక సొంత జిల్లాకి వచ్చేద్దామని చాలామందిలాగే మేమూ అనుకున్నాం. ప్రకాశం జిల్లాలో ఒక మండల కేంద్రం. ఒక బస్టాండు, వారానికో సంత, మూడు మెడికల్ షాపులు, సాయంత్రమైతే పునుగుల బండి. హైదరాబాద్‌లో రెండు గదుల ఫ్లాటుకి పెట్టే డబ్బుతో ఇక్కడ పెరడూ, బావీ, వేపచెట్టూ ఉన్న ఇల్లు వస్తుంది. రావడం వస్తుంది గానీ, దాని వెనకాల ఇంకా ఏమేం వస్తాయో చూసుకోవాలి. మేం చూసుకున్నవీ, చూసుకోక అనుభవించినవీ కలిపి రాస్తున్నాను.

1. ముందు అద్దెకి దిగండి. కనీసం ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడవనివ్వండి. మేం పదకొండు నెలలున్నాం. ఏ వీధికి కుళాయి రోజు విడిచి రోజు వస్తుందో, ఏ ట్రాన్స్‌ఫార్మర్ మే నెలలో పేలుతుందో, గాలి తిరిగితే కోళ్ల ఫారం వాసన ఎంతవరకు వస్తుందో అప్పుడే తెలిసింది. ఇంకో లాభం కూడా ఉంది. కారు దిగి అడిగితే చెప్పే ధర వేరు, ఆర్నెల్లు అదే కొట్లో పాలప్యాకెట్ కొన్నాక చెప్పే ధర వేరు. ఇంటి సంగతులు అడగాలంటే బ్రోకర్ కంటే లైన్‌మన్ నయం. ఊళ్ళో ప్రతి ఇంటి గోడా ఎక్కి చూసినవాడు అతనే.

2. గుమ్మంలో నిలబడి రోడ్డు వైపు చూడండి. నా మటుకు అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష ఇదే, చిల్లిగవ్వ ఖర్చు లేదు. సిమెంటు రోడ్డు పాడైతే పాతది తవ్వి తీయరు, దాని మీదే కొత్తది పోస్తారు. రెండు మూడు సార్లు పోసేసరికి ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్ళే అరుగు రోడ్డుతో సమానమవుతుంది. మేం మొదట మనసు పడ్డ ఇంట్లోకి మెట్టు ఎక్కి కాదు, దిగి వెళ్ళాలి! ముందు గదికి అప్పుడే కొత్త రంగు వేశారు. మా ఆవిడ మంచం పక్కకి జరిపించి, గోడ కింది భాగం మీద అరచెయ్యి ఆనించి చూసింది. చల్లగా తగిలింది, గోరుతో గీకితే పెచ్చు ఊడి, లోపల ఉప్పు పేరుకున్న తెల్లటి పొర కనబడింది. ఆ ఆగస్టులో ఒక రాత్రి గట్టి వాన పడితే పొద్దున్నే గొడుగేసుకుని వెళ్ళి చూశాను. ఇంటాయన చేటతో నీళ్ళు బయటికి తోడుతున్నాడు. నన్ను చూసి ఆయనా నవ్వాడు, నేనూ నవ్వాను, బేరం అక్కడితో ఆగిపోయింది. లోపల నేల ఎత్తు చేయించుకుంటే సరిపోతుందని మేస్త్రీలు చెబుతారు. నేల అడుగున్నర లేస్తే గుమ్మం అడుగున్నర పొట్టిదవుతుందని వాళ్ళు చెప్పరు.

3. ఇంటి పన్ను రశీదు దస్తావేజు కాదు. కరెంటు బిల్లూ కాదు. చిన్న ఊళ్ళలో ఈ రెండూ చూపించి "నలభై ఏళ్ళుగా మాదేనండీ" అంటారు. నిజమే అయ్యుండచ్చు, అయినా కనీసం ముప్ఫై ఏళ్ళ లింకు డాక్యుమెంట్లు అడగండి. ఆంధ్రప్రదేశ్‌లో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) 1983 నుంచి జరిగిన లావాదేవీలకి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అంతకు ముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళి వెతికించుకోవాలి. ఈసీ చేతికొచ్చిందని నిశ్చింతగా పడుకోకండి. అందులో రిజిస్టరైన లావాదేవీలే కనబడతాయి. తెల్లకాగితం ఒప్పందం, పెద్దమనుషుల ముందు నోటిమాటగా జరిగిన పంపకం, రిజిస్టరు చెయ్యని వీలునామా అందులోకి రావు. నాకు పనికొచ్చిన కిటుకు ఒకటి చెబుతాను. డబ్బు చేతిలో ఉన్నా సరే, బ్యాంకు లోనుకి దరఖాస్తు పెట్టండి. బ్యాంకు లాయరు మనకంటే అనుమానపు మనిషి. ఆయన ఏ కాగితం దగ్గర తల అడ్డంగా ఊపాడో అక్కడే ఉంటుంది అసలు కథ.

4. ఊరి మధ్య ఇళ్ళు ఎక్కువగా గ్రామకంఠంలో ఉంటాయి. పాత సర్వేల్లో పొలాలను మడి మడిగా కొలిచారు గానీ, జనం కాపురముండే చోటుని ఒకే ముక్కగా వదిలేశారు. అందుకే చాలా ఇళ్ళకి విడిగా సర్వే వివరాలుండవు, హద్దులే ఆధారం. 2020లో కేంద్రం మొదలుపెట్టిన స్వామిత్వ పథకంలో డ్రోన్లతో కొలుస్తున్నది ఇలాంటి జాగాలనే. అమ్మేవారి దగ్గర ఆ ఆస్తి కార్డు ఉందేమో అడగండి. మేం చివరికి కొన్న ఇంటి దస్తావేజులో ఉత్తరపు హద్దు "రావిచెట్టు" అని ఉంది. ఆ చెట్టు ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ రిపేరు షాపు ఉంది. కాబట్టి టేపు పట్టుకుని, నాలుగు వైపుల వాళ్ళనీ పిలిచి, అందరి ఎదుటా కొలిపించండి. మన చూరు నీళ్ళు ఎవరి జాగాలో పడుతున్నాయి, నడిమి గోడ ఎవరిది, పెరటి దారి ఎవరెవరికి ఉమ్మడి అన్నవి ఆ రోజే తేల్చుకుని దస్తావేజులో రాయించండి.

5. ఆడపడుచుల సంతకాలు లేకుండా పిత్రార్జితం కొనకండి. "మా చెల్లెళ్ళు ఏమీ అనరండీ" అన్న మాట ఎంత ప్రేమగా చెప్పినా కోర్టులో నిలవదు. ఉమ్మడి ఆస్తిలో పెళ్ళికాని కూతుళ్ళకి ఆంధ్రప్రదేశ్ చట్టం 1985 సెప్టెంబరు నుంచే వాటా ఇచ్చింది. 2005లో కేంద్ర చట్టం పెళ్ళయినవాళ్ళనీ కలిపింది. తండ్రి అప్పటికే చనిపోయినా కూతురి హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు తేల్చేసింది. తండ్రి సొంతంగా సంపాదించి వీలునామా రాయకుండా పోయినా కూతుళ్ళకీ, తల్లికీ వాటా ఉంటుంది. మా రిజిస్ట్రేషన్ బెంగుళూరు నుంచి అమ్మేవాళ్ళ చిన్నమ్మాయి రావడం కోసం మూడు వారాలు ఆగింది. ఆవిడ సంతకం పెట్టడానికి ముందు ఒకసారి పెరట్లోకి వెళ్ళొస్తానంది. బావి గట్టు మీద కాసేపు కూర్చుని, గిలక ఒకసారి తిప్పి వచ్చింది. వాటా డబ్బు మాత్రం అన్నగారి ద్వారా కాకుండా నేరుగా ఆవిడ ఖాతాలోనే వెయ్యమని నేను పట్టుబట్టాను. మీరూ పట్టుబట్టండి.

6. ఊరి బయట కొత్త వెంచర్లో స్థలమైతే తెలివి ఇంకో రెండు పాళ్ళు ఎక్కువ కావాలి. చుట్టూ కంది చేలు, మధ్యలో "స్మార్ట్ సిటీ" అని ఆర్చి. డీటీసీపీ (పట్టణ ప్రణాళికా విభాగం) అనుమతి నంబరు అడగండి. ఆ సర్వే నంబరు నిషేధిత భూముల జాబితాలో, అంటే 22ఏ లో, ఉందేమో చూసుకోండి. ప్రభుత్వం పేదలకిచ్చిన డీ పట్టా భూముల అమ్మకానికి 1977 చట్టం అడ్డుపడుతుంది. దానికి తర్వాత సవరణలొచ్చాయి గానీ, వాటి కిందకి మీ స్థలం వస్తుందో లేదో లాయరు చెప్పాలి, బ్రోకర్ కాదు. చెరువు శిఖం, వాగు పోరంబోకు, దేవుడి మాన్యం, వక్ఫ్ భూమి అన్న మాట చెవిన పడితే చెప్పులేసుకుని వచ్చెయ్యండి. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద అమ్మకం యాజమాన్యం ఇవ్వదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది.

7. కొలతలు చదరపు గజాల్లోకి మార్చి రాయించండి. సెంటు అంటే 48.4 గజాలు, గుంట అంటే 121. అంకణం మాత్రం ఒకచోట 36 చదరపు అడుగులు, ఇంకోచోట 72. నోటిమాట బేరంలో ఈ తేడాయే కొంప ముంచుతుంది.

8. నీళ్ళ పరీక్ష బయానాకి ముందే చేయించండి. మా వైపు ఇది చాదస్తం కాదు. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతంలో నీళ్ళలో ఫ్లోరైడ్ సమస్యని 1937లోనే గుర్తించారు. ఫ్లోరైడ్‌కి రుచీ, రంగూ ఉండవు. "తేనెలాంటి నీళ్ళండీ" అని చెంబుతో ఇస్తే తాగి ఊరుకోకండి. కాచినా పోదు. చేతిలో పట్టుకుని చూసే టీడీఎస్ మీటరు దాన్ని చూపించదు. గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులో ఇస్తే చెబుతారు. లీటరుకి ఒక మిల్లీగ్రాము లోపుంటే మంచిది, ఒకటిన్నర దాటితే తాగడానికి పనికిరాదు. ఇక బోరు గురించి ఏప్రిల్, మే నెలల్లో అడగండి. సంక్రాంతికి అందరి బోర్లలోనూ నీళ్ళుంటాయి.

9. పెంకుటిల్లు చూసి మురిసిపోయే ముందు దూలాలనీ వాసాలనీ కర్రతో తట్టి చూడండి. డొల్ల మోత వస్తే లోపల చెదలు కాపురం పెట్టినట్టే. కోతులున్న ఊళ్ళో పెంకులు ఏటేటా మార్చాలి. పెంకులు సర్దడం వచ్చిన మనిషి ఊళ్ళో ఉన్నాడో లేడో కూడా కనుక్కోండి.

10. బయానా బ్యాంకు ద్వారానే ఇవ్వండి. ఇళ్ళూ స్థలాల లావాదేవీల్లో రూ.20,000 గానీ అంతకు మించి గానీ నగదుగా తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం చెబుతోంది. రిజిస్ట్రేషన్ ఖర్చు అన్నీ కలిపి ఏడున్నర శాతం దాకా అవుతుంది, బేరంలోనే దాన్ని లెక్కలో పెట్టుకోండి.

11. వాస్తు మీద మీకు నమ్మకం లేకపోవచ్చు. రేపు మీ దగ్గర కొనేవాడికి ఉంటుంది. వీధిపోటు ఉన్న ఇల్లయితే ధర తగ్గించి అడగండి, మొహమాటపడకండి.

12. రాత్రి పదింటికి ఊళ్ళో డాక్టరు ఉంటాడా? 108 వస్తే ఎక్కడికి తీసుకెళ్తుంది, ఎంతసేపట్లో? అరవై దాటినవాళ్ళకి ఈశాన్యం కంటే ఇది ముఖ్యం.

13. గృహప్రవేశానికి వీధి వీధంతా పిలవండి. పిలవకపోతే పదేళ్ళు గుర్తుంచుకుంటారు, పిలిస్తే మర్నాటి నుంచి కూర గిన్నెలు గోడ దాటతాయి. ఆ హడావుడి తగ్గిన వారంలోనే పంచాయతీ పన్ను రికార్డు, కుళాయి, కరెంటు మీటరు మీ పేరుకి మార్పించుకోండి. వాటి మీద పాత బకాయిలుంటే అమ్మినవారు ఊళ్ళో ఉండగానే బయటపడతాయి. మేం మొదటి రెండూ మార్పించాం. కరెంటు బిల్లు మాత్రం ఇప్పటికీ బెంగుళూరు అమ్మాయి వాళ్ళ నాన్నగారి పేరు మీదే వస్తోంది.