కంప్యూటర్‌కు ఎన్ని వాట్ల ఎస్.ఎం.పి.ఎస్. కావాలి? - లెక్క వేసుకొనే పద్ధతి



ఉపకార వేతనం చేతికి వచ్చాక ఇంజనీరింగ్, డిప్లొమా, బి.సి.ఎ. చదివే మన పిల్లలు చాలామంది మొదట తలచేది కంప్యూటరునే. తయారుగా ఉన్నది కొనే బదులు బెంగళూరు ఎస్.పి. రోడ్డుకు వెళ్ళి విడిభాగాలు తెచ్చుకొని ఇంట్లో బిగించుకొనేవారూ ఉన్నారు. మంచిదే. డబ్బు కొంత మిగులుతుంది, పని కూడా తెలుస్తుంది. అయితే ప్రాసెసర్ గురించి, ర్యామ్ గురించి పదిమందిని విచారించేవారు వాటన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా గురించి ఒక్కరినీ అడగరు. ఆ డబ్బానే ఎస్.ఎం.పి.ఎస్., అనగా స్విచ్ మోడ్ పవర్ సప్లై. ప్లగ్గు నుండి వచ్చే 230 వోల్టుల ఏ.సి. కరెంటును 12, 5, 3.3 వోల్టుల డి.సి.గా మార్చి ప్రతి భాగానికీ అందించడం దాని పని.

నేను ఇంజనీరును కాను. కామర్స్ చదివి, బ్యాంకులో గుమస్తాగా పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్నవాణ్ణి. ఈ వ్యాసం వ్రాయడానికి కారణం నేను చేసిన ఒక తప్పు.

జరిగిన సంగతి

మా తమ్ముడి కొడుకు ఇంజనీరింగ్ ఆరవ సెమిస్టరులో ఉండగా కంప్యూటరు బిగించుకొన్నాడు. డబ్బు లెక్క చూసింది నేను. వాడు ఎస్.ఎం.పి.ఎస్. విడిగా కొంటానంటే, "క్యాబినెట్‌తో పాటే 450 వాట్లది వస్తున్నది కదా, మళ్ళీ ఇంకొకటి ఎందుకురా?" అని 1,800 రూపాయలు మిగిల్చాను. మూడు నెలలు బాగానే నడిచింది. ఏప్రిల్‌లో ఒక రాత్రి ప్రాజెక్టు పని మీద కంప్యూటరును ఆపకుండా నడిపాడు. చిన్న పేలుడు, కాలిన వాసన. డబ్బాతో పాటు మదర్‌బోర్డు, హార్డ్ డిస్క్ కూడా పోయాయి. నష్టం 14,000 రూపాయలు. అంతకు మించి, ప్రాజెక్టు అంతా ఆ డిస్కులోనే ఉన్నది. రెండు వారాల్లో మళ్ళీ మొదటి నుండి చేసి ఇచ్చాడు గానీ మార్కులు తగ్గాయి. ఆ తగ్గిన మార్కుల వల్ల వాడికి వస్తున్న ఒక ఉపకార వేతనం మరుసటి ఏడాది ఆగిపోయింది. "పోనీలే పెదనాన్నా" అన్నాడు వాడు. ఆ ఏడాది ఫీజు నేనే కట్టాను. అది నాకు న్యాయమైన జరిమానా.

కాలిపోయిన డబ్బా లేబుల్‌ను తరువాత కూర్చొని చదివాను. కొనక ముందు చదివి ఉంటే పది నిమిషాల పని. ఆ పది నిమిషాల పాఠమే ఇది.

1. వాట్ల సంఖ్య పరిమితి, ఖర్చు కాదు

బ్యాంకులో 5 లక్షల ఓవర్‌డ్రాఫ్టు మంజూరైతే 5 లక్షలకూ వడ్డీ పడదు. వాడుకొన్నంతకే పడుతుంది. ఎస్.ఎం.పి.ఎస్. కూడా అంతే. 550 వాట్ల డబ్బా పెట్టినంత మాత్రాన మీటరు 550 వాట్లకు తిరగదు. కంప్యూటరు 150 వాట్లు అడిగితే 150 ఇస్తుంది. దానికి మార్పిడిలో పోయే తరుగు కలిసి మీటరులో చేరుతుంది. కాబట్టి "పెద్దది పెడితే బిల్లు పెరుగుతుంది" అని చిన్నది కొనకండి. అలాగని మామూలు కంప్యూటరుకు 850 వాట్లది కొనడమూ దండగే. వాడని పరిమితికి ముందే డబ్బు చెల్లించినట్లు అవుతుంది.

2. లోడు లెక్క

ఏ భాగం ఎంత తీసుకొంటుందో కాగితం మీద వరుసగా వ్రాసి కూడండి. కోర్ ఐ3-12100 ప్రాసెసర్ ఉన్న కంప్యూటరును ఉదాహరణగా తీసుకొందాము.

ప్రాసెసర్ (గరిష్ఠంగా) - 89 వాట్లు
మదర్‌బోర్డు - 40
ర్యామ్ రెండు - 10
ఎస్.ఎస్.డి. - 5
హార్డ్ డిస్క్ - 10
ఫ్యాన్లు రెండు - 6
యు.ఎస్.బి. పరికరాలు - 10
మొత్తం - 170 వాట్లు

మొదటి వరుసలో జాగ్రత్త అవసరం. ఈ ప్రాసెసర్‌కు కంపెనీ రెండు సంఖ్యలు ఇస్తుంది: మూల సంఖ్య 60 వాట్లు, గరిష్ఠం 89 వాట్లు. లెక్కకు ఎప్పుడూ గరిష్ఠమే తీసుకోవాలి. మదర్‌బోర్డు మొదలైన మిగిలినవి సుమారు సంఖ్యలు.

గ్రాఫిక్స్ కార్డు పెడితే అది వేరు పద్దు. జిటిఎక్స్ 1650 అయితే 75 వాట్లు, ఆర్‌టిఎక్స్ 4060 అయితే 115, ఆర్‌టిఎక్స్ 3060 అయితే 170. మా వాడిది ఇదే ప్రాసెసరు, జిటిఎక్స్ 1650 కార్డు. మొత్తం 245 వాట్లు. మరి 450 వాట్ల డబ్బా ఎందుకు కాలింది? పైగా ఆ కార్డుకు 300 వాట్ల ఎస్.ఎం.పి.ఎస్. చాలునని కార్డు కంపెనీయే చెబుతుంది. జవాబు లేబుల్‌లో ఉన్నది.

3. డబ్బా మీది సంఖ్య, లేబుల్ మీది సంఖ్య

మన తాలూకాలోని తిరుమణి సోలార్ పార్కు సామర్థ్యం 2050 మెగావాట్లు. 2018 మార్చిలో 600 మెగావాట్లతో మొదలై 2019 చివరకు ఆ సామర్థ్యానికి చేరింది. ఆ సంఖ్య అబద్ధం కాదు. కానీ అది మంచి ఎండ వేళ మాట, రాత్రికి సున్నా. నాసిరకం ఎస్.ఎం.పి.ఎస్. మీద పెద్ద అక్షరాలతో ఉండే వాట్లు కూడా అటువంటివే. కొందరు ఒక్క క్షణం ఇవ్వగలిగినది వ్రాస్తారు. కొందరు ఒకే సమయంలో రాని వాటినన్నిటినీ కూడి వ్రాస్తారు. గంటల తరబడి ఇవ్వగలిగినది ఎంత అన్నది మనకు కావాలి.

ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు, ఫ్యాన్లు, డిస్కు మోటారు - బరువంతా 12 వోల్టుల తీగల మీదనే ఉంటుంది. కాబట్టి లేబుల్‌లో 12 వోల్టుల కింద ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో చూసి 12తో హెచ్చించండి. కాలిన డబ్బా మీద 16 ఆంపియర్లు ఉన్నది.

12 × 16 = 192 వాట్లు.

పేరుకు 450, అసలు పని జరిగే చోట 192. మా వాడి కంప్యూటరులో 12 వోల్టుల మీద పడే లోడు: ప్రాసెసర్ 89, కార్డు 75, ఫ్యాన్లు 6, డిస్కు మోటారు 7, బోర్డులో కొంత భాగం 20. మొత్తం 197. పరిమితి 192, తీసుకొన్నది 197. పగలు కొద్దిగా వాడినన్నాళ్ళు చెల్లింది. రాత్రంతా పూర్తి లోడు పడేసరికి పోయింది. మంచి రకం డబ్బా అయితే పరిమితి మించగానే తనంతట తాను ఆగిపోతుంది. నాసిరకంలో ఆ రక్షణ ఉండదు, పోతూ పోతూ పక్కవాటినీ తీసుకుపోతుంది.

మంచి 450 వాట్ల డబ్బాల్లో 12 వోల్టుల వద్ద 36 ఆంపియర్లు ఉండేవి ఉన్నాయి. 12 × 36 = 432. ఈ రెండూ ఒకే పేరుతో దుకాణంలో పక్కపక్కనే ఉంటాయి. తేడా ధరలో కనబడుతుంది, కారణం లేబుల్‌లో కనబడుతుంది.

4. మిగులు ఎంత ఉండాలి?

వచ్చిన మొత్తాన్ని 1.4తో హెచ్చించి, ఆ పైన దొరికే సైజు తీసుకోండి. ఇది నేను పాటించే లెక్క.

కార్డు లేకుండా: 170 × 1.4 = 238. మంచి రకం 400 వాట్లది ధారాళంగా చాలును.
జిటిఎక్స్ 1650తో: 245 × 1.4 = 343. 450 వాట్లు.
ఆర్‌టిఎక్స్ 4060తో: 285 × 1.4 = 399. కానీ కార్డు కంపెనీ 550 అడుగుతుంది.
ఆర్‌టిఎక్స్ 3060తో: 340 × 1.4 = 476. దీనికీ కంపెనీ మాట 550.

మన లెక్కకూ కంపెనీ మాటకూ తేడా వస్తే పెద్దదే తీసుకోండి. మీరు ఏ ప్రాసెసరు పెడతారో కంపెనీకి తెలియదు కాబట్టి ఎక్కువ చెబుతుంది. అదీ కాక గ్రాఫిక్స్ కార్డు లిప్తపాటు తన సంఖ్యను మించి లాగుతుంది. మిగులు అందుకే.

5. మన ఊళ్ళలో చూడవలసినవి

వేడి: అరసికెరె వంటి మెట్ట ప్రాంతంలో వేసవి ఎండ, దుమ్ము మీకు చెప్పనక్కరలేదు. రేకుల ఇంట్లో చెప్పనే వద్దు. వేడి పెరిగిన కొద్దీ డబ్బా శక్తి తగ్గుతుంది. మంచి కంపెనీలు 40 లేదా 50 డిగ్రీల వద్ద కూడా పూర్తి వాట్లు ఇస్తామని వ్రాస్తాయి. ఆ వాక్యం ఉన్నదా చూడండి. డబ్బా ఫ్యాను దగ్గర దుమ్మును రెండు నెలలకొకసారి తుడవండి.

వోల్టేజి: పంపుసెట్లు తిరిగే వేళ వోల్టేజి దిగితే, అదే పనికి డబ్బా ఎక్కువ కరెంటు లాగి మరింత వేడెక్కుతుంది. లేబుల్‌లో ఇన్‌పుట్ 100-240 వోల్టులు అని ఉన్నది ఇటువంటి చోట మేలు. పాత డబ్బాల వెనుక 115/230 అని చిన్న ఎర్ర స్విచ్ ఉంటుంది. అది 115 మీద ఉండగా ప్లగ్గు పెడితే ఆ క్షణమే పేలుతుంది.

ఎర్త్: క్యాబినెట్ తాకితే జివ్వుమంటే ఎర్త్ సరిగా లేదని అనుమానించాలి. మన నేల ఎండినప్పుడు ఎర్త్ గుంత పనిచేయదు. వేసవిలో దానికి నీళ్ళు పోయించండి. అప్పటికీ జివ్వుమంటే ఎలక్ట్రీషియన్‌కు చూపించండి.

యు.పి.ఎస్.: దాని మీద వ్రాసేది వి.ఎ., వాట్లు కావు. 600 వి.ఎ. యు.పి.ఎస్.లు సాధారణంగా 360 వాట్లే ఇస్తాయి. 245 వాట్ల కంప్యూటరు ప్లగ్గు దగ్గర 290 దాకా తీసుకొంటుంది. దానికి మానిటరు కలిపితే మిగిలేది కొద్దే.

6. కొనేటప్పుడు

"80 ప్లస్" గుర్తు చూడండి. ఈ పథకం 2004లో మొదలైనది. డబ్బా వృథాను కొలిచి బ్రాంజ్, గోల్డ్ వంటి తరగతులు ఇస్తుంది. 115 వోల్టుల పరీక్షలో సగం లోడు మీద బ్రాంజ్ 85 శాతం, గోల్డ్ 90 శాతం సామర్థ్యం చూపాలి. 150 వాట్ల లోడుకు 85 శాతం డబ్బా ప్లగ్గు నుండి 176 తీసుకొంటే, 65 శాతం డబ్బా 231 తీసుకొంటుంది. రోజుకు 5 గంటల చొప్పున నెలకు 8 యూనిట్లు తేడా. ఏడాదికి దగ్గర దగ్గర 100 యూనిట్లు. విద్యార్థికి బ్రాంజ్ చాలును. గోల్డ్‌కు పెట్టే డబ్బుతో ర్యామ్ పెంచుకోండి.

"ఆర్-" అక్షరంతో మొదలయ్యే బి.ఐ.ఎస్. నమోదు సంఖ్య, వారంటీ, బిల్లు - మూడూ ఉండాలి. పోయిన డబ్బాను విప్పి చూడకండి. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన కరెంటు నిలిచి ఉంటుంది. పార్సిల్‌లో తెప్పించుకొనేవారు చిరునామాలో పావగడ తాలూకా, తుమకూరు జిల్లా అని తప్పక వ్రాయండి. లేకుంటే హాసన్ జిల్లాలోని జంక్షన్ ఊరు అరసికెరె అనుకొంటారు.

అభ్యాసం

ఒక డబ్బా మీద 500 వాట్లు అని ఉన్నది. లేబుల్‌లో 12 వోల్టుల కింద 22 ఆంపియర్లు. మీ కంప్యూటరు 12 వోల్టుల లోడు 230 వాట్లు. కొనవచ్చునా?

జవాబు: 12 × 22 = 264. లోడు కంటే ఎక్కువే. కానీ 230 × 1.4 = 322 కావాలి. కాబట్టి కొనకూడదు.

పిల్లలారా, ఉపకార వేతనంలోని ప్రతి రూపాయి వెనుక ఎవరో ఒకరి చెమట ఉన్నది. పొదుపు చేయండి, కానీ మిగిలిన అన్ని భాగాల ప్రాణం ఏ డబ్బా మీద ఆధారపడి ఉన్నదో అక్కడ మాత్రం చేయకండి. ఎంత మంచి డబ్బా కొన్నా సరే, మీ ప్రాజెక్టు నకలు ఒకటి ప్రతి రాత్రీ పెన్ డ్రైవ్‌లో వేసుకోండి. కొనే ముందు లెక్క వ్రాసిన కాగితం తీసుకువస్తే సరిచూసి ఇవ్వడానికి నేను ఎప్పుడూ సిద్ధమే.