శిలయు దర్పణమును

మతము, ఆధ్యాత్మికత అను రెండు మాటలను లోకులు తరచుగా ఒకే యర్థమున వాడుచుందురు. సంస్కృతమున మతమనగా అభిప్రాయము. అది క్రమముగా ఒక దైవమును, ఒక గ్రంథమును, ఒక పూజావిధానమును నమ్మిన జనసముదాయపు విశ్వాసమునకు పేరైనది. అధ్యాత్మమనగా ఆత్మకు సంబంధించినది. గుడికి పోవుట, ఉపవాసముండుట, పండుగ చేయుట కంటికి కనబడు పనులు. తనలోని పరమాత్మయే యెదుటివానియందును కలడని యెరుగుట కంటికి కనబడదు, నడవడివలననే తెలియును. ఈ రెండును ఒకే మనుష్యునియందు కలసియుండవచ్చును. ఒకటి యుండి రెండవది లేకపోవచ్చును. ఇవి విడిపోయినచో ఏమి జరుగునో తెలిసికొనుటకు కేరళదేశమున జీవించిన నారాయణ గురువు చరిత్ర మిక్కిలి తోడ్పడును.

పందొమ్మిదవ శతాబ్దమున తిరువాన్కూరు సంస్థానమున ఆచారనిష్ఠకు కొదువ లేదు. 1750లో ఆ దేశపు రాజు మార్తాండవర్మ తన రాజ్యమునే పద్మనాభస్వామికి సమర్పించి, తాను ఆ స్వామికి దాసుడనని ప్రకటించుకొనెను. అట్టి దేశమున జనులలో పెక్కుమందికి దేవాలయపు గడప తొక్కు అధికారము లేదు. గుడి చుట్టునున్న వీథులలో నడచుటకైనను కొన్ని కులములవారికి అనుజ్ఞ లేదు. ఏ కులమువాడు ఏ కులమువానికి ఎంత దూరమున నిలువవలెనో అడుగుల లెక్క యుండెడిది. సర్వభూతములయందును ఈశ్వరుడు కలడని నిత్యము పారాయణము చేయువారే, సాటి మనుష్యుడు దగ్గరకు వచ్చినచో మైలపడితిమని స్నానము చేయుచుండిరి. తాము చదువునది తమ నడతతో పొసగదని వారికి తోచలేదు. ఆచారము తప్పకుండుటయే భక్తియని వారు నిజముగనే నమ్మిరి.

ఆ కాలమున, తిరువనంతపురమునకు సమీపమున గల చెంపళంతి గ్రామమున, ఈళవ కుటుంబమున నారాయణుడు జన్మించెను. ఈళవులు కల్లుగీత, వ్యవసాయము, నేత, వైద్యము మొదలగు వృత్తులతో జీవించెడివారు. వారికిని పెద్ద దేవాలయములలో ప్రవేశము లేదు. తండ్రి మాడన్ ఆశాన్ బాలురకు చదువు చెప్పెడివాడు. నారాయణుడు సంస్కృతమున గొప్ప పాండిత్యము సంపాదించి, కొంతకాలము తానును ఉపాధ్యాయుడై, పిదప ఇల్లు విడిచి దేశసంచారము చేసెను. కన్యాకుమారికి చేరువనున్న మరుత్వామల యను కొండగుహలో తపస్సు చేసెను. ఎవరేమి పెట్టినను కులమడుగక భుజించెడివాడని చెప్పుదురు.

తపస్సు ఫలించిన యోగి కొండమీదనే యుండిపోవచ్చును. నారాయణ గురువు క్రిందికి దిగి వచ్చెను. నెయ్యారు నదీతీరమున అరువిప్పురమను చోట నివసించుచు, 1888వ సంవత్సరమున శివరాత్రినాడు అచ్చట శివప్రతిష్ఠ గావించెను. అందులకు శిల్పి చెక్కిన విగ్రహము లేదు, వేదపండితుల ఆధిపత్యము లేదు. ఆయన నదిలో మునిగి ఒక శిలను పైకి తెచ్చెననియు, దానిని రొమ్మున హత్తుకొని చాలసేపు కన్నీరు కార్చుచు నిలిచెననియు ఆ ప్రాంతీయులు చెప్పుకొందురు. ప్రతిష్ఠ చేయు హక్కు బ్రాహ్మణులకే గాని ఈళవునకు ఎక్కడిదని కొందరు ప్రశ్నించిరి. తాను ప్రతిష్ఠించినది ఈళవ శివుని మాత్రమేనని గురువు శాంతముగా బదులు చెప్పెనట. ఆ మాటతో ప్రశ్నించినవారి నోరు మూతపడినది. శివునకు కులము లేదని వారందురా, తమ యభ్యంతరము నిలువదు. కులము కలదందురా, ఈళవ శివునితో వారికి పని లేదు.

ఆ స్థలము కులభేదమును, మతద్వేషమును లేక అందరును సోదరభావముతో జీవించు చోటు కావలెనను భావము అచ్చట వ్రాయబడినది. గుడికై ఏర్పడిన సంఘమే 1903లో శ్రీనారాయణ ధర్మపరిపాలన యోగమై పెరిగినది. దానికి మహాకవి కుమారన్ ఆశాన్ తొలి కార్యదర్శి.

ఇంతవరకు చదివినవారు గురువును దేవాలయ నిర్మాతగా తలంతురు. ఆయన నెలకొల్పిన ఆలయములు పెక్కు కలవు. ఆయన జంతుబలిని మాన్పించెను; బాణసంచాకును ఉత్సవాడంబరములకును వ్యయమగు ధనమును విద్యకు మళ్లింపుమనెను. 1912లో వర్కలకు చెంతనున్న శివగిరిలో శారదాదేవిని ప్రతిష్ఠించెను. అభిషేక నైవేద్యములు లేని ఆలయమది. 1917 నాటికి, ఇకమీదట విద్యాలయములే ముఖ్యములైన దేవాలయములని బోధింపసాగెను. అయినను జనులు గుడి కావలెనని వచ్చి యడిగినప్పుడు కాదనలేదు. కారముక్కులో విగ్రహమునకు మారుగా దీపమును నిలిపెను. మురుక్కుంపుళలో సత్యము, ధర్మము, దయ మొదలగు పదములు గల ఫలకమును నిలిపెను. 1927లో చేర్తలకు సమీపమునగల కలవంకోడమున ఒక దర్పణమును ప్రతిష్ఠించెను. అచ్చట కొందరు విగ్రహము కావలెననియు, కొందరు వలదనియు తగవులాడుచుండిరి. ఆ దర్పణముపై ఓంకారము వ్రాయబడియున్నది. దైవదర్శనమునకు వచ్చినవాడు అందు తన్నే చూచుకొనును.

శిలనుండి దర్పణమువరకు గడచినవి ముప్పదితొమ్మిది సంవత్సరములు. గుడి తలుపు ముఖముపై మూయబడినవానికి ముందు గుడి కావలెను; గుడి అక్కరలేదని వానికి బోధించుట సులభమే గాని న్యాయము కాదు. గురువు ఈ క్రమమును ఎరిగియే నడచెను.

ఆయన శిష్యులలో సహోదరన్ అయ్యప్పన్ అనునతడు 1917లో చెరాయి గ్రామమున పులయ కులమువారితో కలసి పంక్తిభోజనము జరిపెను. స్వకులమువారే అతనిని వెలివేసి, పులయన్ అయ్యప్పన్ అని హేళన చేసిరి. అతడు దానినొక బిరుదుగా భావించెను. పిమ్మట మనుష్యునకు కులమే కాదు, మతమును దైవమును కూడ అక్కరలేదని ప్రచారము చేసెను. అట్టివానిని గురువు దూరము చేయలేదు. మతము, వేషము, భాష ఏవైనను మనుష్యజాతి యొకటే గనుక, కలసి భుజించుటలోను వివాహమాడుటలోను దోషము లేదని తానే వ్రాసి యిచ్చెను. నాస్తికుడై పులయులతో కలసి భుజించినవాడు ఆయనకు ఆప్తుడయ్యెను. ఆస్తికులై వెలివేసినవారు కాలేదు.

1924లో శివరాత్రి సమయమున ఆలువాలోని అద్వైతాశ్రమమున గురువు సర్వమత సమ్మేళనము జరిపించెను. మదరాసు హైకోర్టు న్యాయమూర్తిగా నుండిన సదాశివయ్యరు దానికి అధ్యక్షుడు. వాదించి గెలుచుటకు గాక, తెలిసికొనుటకును తెలుపుటకును ఆ సభ జరుగుచున్నదని ప్రవేశద్వారమున వ్రాయించిరి. అదే నెల చివర, వైక్కంలో గుడి చుట్టునున్న మార్గములలో నడచు హక్కు కొరకు సత్యాగ్రహము మొదలైనది. మరుసటి సంవత్సరము మార్చిలో గాంధీ మహాత్ముడు శివగిరికి వచ్చెను. ఒకే చెట్టు ఆకులు ఒకదానినొకటి పోలియుండవు గదా, మనుష్యులలో భేదములును అట్టివే యని మహాత్ముడనగా, ఆ యాకులను నమిలినచో రసము రుచి ఒకటేయని గురువు పలికెనని చెప్పుదురు.

1928 జనవరిలో కొందరు భక్తులు శివగిరికి తీర్థయాత్ర నెలకొల్పుటకు అనుమతి కోరిరి. యాత్ర వలన ఏమి ప్రయోజనమని గురువు అడిగెను. ఊరక వచ్చి చూచి పోవుట ధనవ్యయమేననెను. విద్య, శుచిత్వము, ఈశ్వరభక్తి, సంఘీభావము, వ్యవసాయము, వ్యాపారము, చేతిపనులు, సాంకేతిక శిక్షణ అను ఎనిమిది విషయములను గూర్చి తెలిసినవారిచేత ఉపన్యాసములిప్పించి, జనులు విని ఆచరింపవలెనని నియమించెను. యాత్రికులు పసుపుపచ్చని వస్త్రములు ధరింపవలెను; అందులకు పట్టుబట్టలు కొనవలదు, ఉన్న బట్టనే పసుపునీట ముంచుకొనిన చాలుననెను. ఆ ఎనిమిదింటిలో ఈశ్వరభక్తి యొకటి మాత్రమే. తక్కిన ఏడింటి నడుమ అది మూడవది.

ఆ సంవత్సరమే సెప్టెంబరు 20వ తేదీన గురువు శివగిరిలో సమాధి నొందెను. తిరువాన్కూరు ప్రభుత్వ దేవాలయముల ద్వారములు హిందువులందరికిని తెరువబడినది 1936 నవంబరు 12వ తేదీన. అప్పటికి అరువిప్పురపు శిలకు పూజలు మొదలై నలువదియెనిమిది సంవత్సరములు.