శిశువులకు నూనె మర్దనము: మేలును, మెలకువలును

1. ఆచారము. పసిబిడ్డకు నూనె రాచి, ఒడలు మర్దించి, నీళ్ళు పోయుట ఈ దేశమున అనాదిగా నున్న వాడుక. చాచిన కాళ్ళమీద బిడ్డను పరుండబెట్టుకొని అవ్వగాని మంత్రసానిగాని ఈ పని చేయుచుండును. తెలుగునాట నువ్వులనూనెయు, మలయాళ దేశమున కొబ్బరినూనెయు, ఉత్తరదేశమునను వంగదేశమునను ఆవనూనెయు విశేషముగా వాడుదురు. ఈ ఆచారము మూఢమని త్రోసివేయుటయు, అంతయు మంచిదేయని యూరకుండుటయు రెండును పొరపాటే. బిడ్డను పోషించు భాగమును, బిడ్డకు ప్రాణాపాయము దెచ్చు భాగమును ఇందు కలసియున్నవి. వానిని వేరుపరచి తల్లులకు దెలుపుట అవసరము.

2. మర్దనమువలని మేలు. నెలలు నిండక పుట్టిన 40 మంది శిశువులను గూర్చి అమెరికాలోని మయామి నగర వైద్యులు 1986లో ఒక పరిశీలనమును ప్రకటించిరి. వారిలో కొందరికి దినమునకు మూడుమారులు, మారునకు 15 నిమిషములచొప్పున, పది దినములు ఒడలు నిమిరి కాలుసేతులు మెల్లగా కదలించిరి. వీరు తక్కినవారికంటె దినమునకు నూటికి 47 వంతులు అధికముగా బరువు హెచ్చిరి. ఆరు దినములు ముందుగా ఇల్లు చేరిరి. మన దేశమున 2000 సంవత్సరమున ప్రకటింపబడిన వేరొక పరిశీలనమున, 125 మంది శిశువులలో నువ్వులనూనెతో నాలుగు వారములు మర్దనము పొందినవారికి పొడవును, చేతి చుట్టుకొలతయు బాగుగా పెరిగెను. మర్దనానంతరము నిద్రయు మెరుగుపడెను. ఇవి చిన్న పరిశీలనములు. మర్దనము తల్లిపాలకుగాని మందునకుగాని బదులు కానేరదు.

3. చర్మరక్షణము. నెలలు నిండని బిడ్డ చర్మము మిక్కిలి పలుచన. దానిగుండ నీరును వేడిమియు వెలికి పోవును; రోగక్రిములు లోనికి జొచ్చును. ఢాకా నగరమందలి శిశు ఆసుపత్రిలో 33 వారములు నిండక పుట్టిన బిడ్డలకు పొద్దుతిరుగుడు గింజల నూనెను మెల్లగా పూయగా, నెత్తురునకు సోకు రోగములు నూటికి 41 వంతులు తగ్గెనని 2005లోను, మరణములు 26 వంతులు తగ్గెనని 2008లోను ప్రకటింపబడినది. ఇచ్చట జరిగినది పూతయే కాని గట్టి మర్దనము కాదని గమనింపవలయును. ఆవనూనె చర్మపు కాపుదలను చెరచునని ఎలుకలపై జరిపిన పరీక్షలవలన దెలిసెను. కావున అట్టి బిడ్డలకు దానిని వాడకుండుట మేలు.

4. విడువవలసినవి. అన్నిటికంటె అపాయకరమైనది ముక్కులోను గొంతులోను నూనె వేయుట. నీరు పొలమారినచో బిడ్డ దగ్గును. నూనెయో, దగ్గు పుట్టింపకయే ఊపిరితిత్తులలోనికి జారి నిలిచిపోవును. దానివలన గలుగు వాపు మామూలు మందులకు లొంగదు. దక్షిణదేశపు బిడ్డలలో నీ వ్యాధిని గూర్చి 1973లోనే వైద్యపత్రికలో ప్రకటింపబడినది. చెవులలో నూనె పోయుట, ముక్కులో నోటితో నూదుట, తల గుండ్రనగునని నొక్కుట, బొడ్డుపై ఏదేని పూయుట, సున్నిపిండితో గట్టిగా రుద్దుట, ఇవియు విడువదగినవే.

5. చేయదగిన విధము. పుట్టిన తరువాత 24 గంటలు గడువనిదే స్నానము చేయింపరాదు. బరువు తక్కువైన బిడ్డను తల్లి రొమ్మున చర్మమునకు చర్మము తగులునట్లు ఉంచవలయును. అట్టి బిడ్డకు మర్దనము వైద్యుని సలహామీదనే చేయదగును. తక్కిన బిడ్డలకు గాలి విసరుగా రాని వెచ్చని గదిలో, గోళ్ళు తీసి చేతులు కడుగుకొని, పాలిచ్చిన వెంటనే గాక కొంత తడవు తాళి, శుభ్రమైన నూనెతో మెల్లగా మర్దింపవలయును. బిడ్డ యేడ్చినచో నాపవలయును. స్నానమైన వెంటనే తడియార్చి, బట్ట గప్పవలయును. బిడ్డ పాలు కుడువక పోయినను, నిమిషమునకు 60కి తక్కువగాక ఊపిరి తీసినను, డొక్కలు లోనికి పోవుచున్నను, తత్‌క్షణము ఆసుపత్రికి గొనిపోవలయును.

6. అధికారుల పని. ఈ విషయమున నిషేధాజ్ఞలు నిష్ప్రయోజనములు. అవ్వలు తలుపు మూసికొని చేయుదురు. ప్రసవానంతరము 42 దినములలో ఆశా కార్యకర్తలు ఇంటింటికి పోవుచున్నారు గదా. వారు తల్లితో మాత్రమే గాక బిడ్డకు నీళ్ళు పోయు ముసలమ్మతోను మాటాడునట్లు చేయవలయును. ఆమె చేతిపని మంచిదని మొదట ఒప్పుకొని, ముక్కులో నూనె మాత్రము వలదని పిదప చెప్పినచో, ఆ మాట చెవికెక్కును. ఈ యొక్క అలవాటు మానినను కొందరు బిడ్డలు బ్రదుకుదురు. అందులకు ఖజానానుండి కాసైన వెచ్చింపనక్కరలేదు.