చెరువును చూచే రాడార్ - సంఘ కార్యదర్శులు గమనించవలసిన సంగతులు

వెన్న తీసిన పాలు కొంచెం నీలి ఛాయగా ఉండునని పాల కేంద్రం నడిపే కార్యదర్శులందరికీ తెలిసినదే. కొవ్వు రేణువులు, కేసిన్ రేణువులు వెలుగును నలువైపులా చెదరగొట్టుట వల్లనే పాలకు తెలుపు వచ్చినది. కొవ్వు తీసివేసిన పిదప మిగిలే సన్నని రేణువులు నీలి వెలుగును ఎక్కువగా చెదరగొడతాయి. దీనికి శాస్త్రంలో పరిక్షేపణం అని పేరు. వెనుకటి మిల్కోటెస్టర్ ఈ సూత్రం మీదనే నడిచేది. మందు కలిపి కేసిన్‌ను కరిగించి, మిగిలిన కొవ్వు ఎంత వెలుగును అడ్డగించినదో చూచి శాతం చెప్పేది.

ఇదే పద్ధతిలో ఉపగ్రహం నుండి మన నేలను, చెరువులను పరీక్షిస్తున్నారు. వెలుగుకు బదులు రేడియో తరంగాలు వాడతారు. తిరుపతి-చిత్తూరు దారిలో గాదంకి వద్ద 1990ల నుండి ఉన్న పెద్ద రాడార్ కింద నుండి పైగాలిని చూస్తుంది. ఇక్కడ చెప్పబోవునది పై నుండి నేలను చూచేది. మన చెరువులు నిండే సెప్టెంబరు-నవంబరు నెలల్లో మబ్బు పట్టి ఉండును గనుక మామూలు ఉపగ్రహ ఛాయాచిత్రాలు అంతగా పనికిరావు. రాడార్ తరంగానికి మబ్బూ, చీకటీ అడ్డు కావు. శ్రీహరికోట నుండి 2012 ఏప్రిల్ 26న రీశాట్-1, 2025 జూలై 30న నిసార్ ఇందుకే వెళ్ళినవి. నిసార్ తరంగాలు రెండు రకాలు, ఒకటి సుమారు 24 సెంటీమీటర్ల పొడవు గలది. 12 రోజులకొకసారి అది అదే దారిన తిరిగివస్తుంది.

రాడార్ తరంగాన్ని ఏటవాలుగా పంపుతుంది. నిశ్చలమైన నీరు అద్దం వలె దానిని అవతలికి తోసివేయును గనుక చెరువు నల్లగా కనిపిస్తుంది. దున్నిన చేను, బండరాళ్ళు తరంగాన్ని చెదరగొట్టి కొంత వెనుకకు పంపుతాయి గనుక తెల్లగా కనిపిస్తాయి. నేల తడిసినకొద్దీ ఈ తెలుపు పెరుగుతుంది.

చిక్కు ఇక్కడే వచ్చింది. నీటిలో జమ్మో, కంపచెట్లో నిలిచి ఉంటే తరంగం నీటిపై ఒకసారి, కాండంపై ఒకసారి తగిలి బలంగా వెనుదిరుగుతుంది. అప్పుడు నీళ్ళున్న చెరువు కూడా తెల్లగా పడుతుంది. గాలికి అలలు లేచినా అంతే. మదనపల్లె, పుంగనూరు వైపు గుట్టల వెనుక నీడ పడి, నీళ్ళు లేని చోటు సైతం నల్లగా కనిపించవచ్చు. కుప్పం ప్రాంతంలో కంప కమ్మిన చెరువులెన్నో సభ్యులకే తెలుసు.

ఇది మనకెందుకని అనుకోవద్దు. కరవు నిర్ణయానికి 2016 నాటి కేంద్ర కరవు నిర్వహణ మాన్యువల్ ఉపగ్రహ సూచికలను, నేల తేమను, జలాశయాల నీటిని లెక్కలోకి తీసుకొంటుంది. ఊళ్ళలో క్షేత్ర పరిశీలన కూడా జరగవలెనని చెబుతుంది. పశుగ్రాసం సాయం ఆ నిర్ణయం వెంటనే నడుస్తుంది. పరిశీలనకు వచ్చిన ఉద్యోగికి సంఘం చూపగల కాగితం ఉంటే మాటకు బలముంటుంది. నోటిమాటగా "మా చెరువు ఎండింది సార్" అంటే చాలదు.

నేల తేమ విషయంలో ఒక జాగ్రత్త. రాడార్‌కు తెలిసేది పైపొర, కొద్ది సెంటీమీటర్లు మాత్రమే. నిన్నటి తుంపరకు తడిసిన చేను కూడా తడి గలదిగా నమోదవుతుంది. పశుగ్రాస జొన్న విత్తేవారు గడ్డపారతో జానెడు తవ్వి చూచుకొనవలెను.

కార్యదర్శులు పక్షానికొకసారి ఒక పుస్తకంలో ఈ వివరాలు వ్రాయవలెను: తేదీ, చెరువు పేరు, నీరు తూముకు అందుచున్నదా, మరవ పారినదా, నీటిలో కంప లేక జమ్ము ఎంత భాగం, ఆనాడు గాలి ఎట్లున్నది. కట్ట మీద ఒకే చోట నిలబడి తీసిన ఫోటో జతచేసి, అధ్యక్షుని సంతకం తీసుకొనవలెను.