పత్రవృక్షమున త్యాగద్వైవిధ్యము

వెబ్ పుట చూపునకు పంక్తుల సముదాయముగా కన్పట్టును. బ్రౌజరు మాత్రము దానిని చదివిన వెంటనే ఒక వృక్షముగా నిర్మించుకొనును. ఈ వృక్షమునకు లక్షణము చెప్పిన డాక్యుమెంట్ ఆబ్జెక్ట్ మోడల్, సంక్షిప్తముగా డామ్, 1998 అక్టోబరు 1న వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం వారి ఆమోదము పొందినది. దీనికి వేరు పైన, శాఖలు క్రింద. భగవద్గీత పదునైదవ అధ్యాయము నెరిగిన వారికి ఈ చిత్రము అపూర్వము కాదు. వృక్షమునందలి ఒక్కొక్క సంధిస్థానమును నోడ్ అందురు. దీనికి పర్వమను సంజ్ఞ చక్కగా సరిపోవును. వెదురు కణుపునకును గ్రంథభాగమునకును ఆ శబ్దమే కలదు గదా.

పర్వములు అనేకవిధములు. ప్రకృతమునకు ఎలిమెంటు, పాఠము అను రెండు చాలును. ముఖ్యముగా గుర్తింపవలసినదేమన, పుటలో కనబడు వాక్యముల అక్షరములు పాఠపర్వములందే యుండును. ఎలిమెంటు పాత్ర, పాఠము పాత్రగతమైన నీరు. ఈ భేదమును మరచుటయే ఇక చెప్పబోవు దోషములకు మూలము.

ఈ వృక్షమున సంచరించుటకు 2000 నవంబరు 13న వెలువడిన డామ్ రెండవ స్థాయిలోని ట్రావర్సల్ భాగము ట్రీవాకర్, నోడ్ ఐటరేటర్ అను రెండు సాధనముల నొసగినది. నేటి బ్రౌజర్లలోను ఇవి గలవు. మొదటిది జనకునకు, తొలి తుది సంతానములకు, ఇరువైపుల సోదరులకు పోగలదు. రెండవది ముందు వెనుకలకు మాత్రమే నడచును. క్రియేట్‌ట్రీవాకర్ అను ఆజ్ఞకు ఏ మూలమునుండి, ఏ జాతి పర్వములను, ఏ జల్లెడతో అని మూడు చెప్పవలెను. పిదప నెక్స్ట్‌నోడ్ అని పిలుచుచుండగా తల్లి తరువాత బిడ్డలు, మొదటి బిడ్డ వంశమంతయు ముగిసిన పిమ్మట రెండవ బిడ్డ, ఈ క్రమమున పర్వములు వచ్చును.

జల్లెడ, అనగా ఫిల్టరు, ప్రతి పర్వమునకు మూడు తీర్పులలో ఒకటి చెప్పును. స్వీకారము సుబోధము. త్యాగము మాత్రము రెండు విధములు. ఫిల్టర్ రిజెక్ట్ అన్నచో ఆ పర్వమును, దాని క్రింది వంశమంతయు పోవును. దీనిని సవంశత్యాగమనవచ్చును. ఫిల్టర్ స్కిప్ అన్నచో ఆ పర్వమొక్కటియే పోవును. దాని సంతానమును మరల జల్లెడ పరీక్షించును. ఇది ఏకత్యాగము.

ఇచ్చట శంక: రెండింటను పర్వము కనబడకపోవుటయే గదా, రెండు సంజ్ఞలేల? పాణినీయులకు ఈ శంక కలుగరాదు. అష్టాధ్యాయి 1.1.60 సూత్రము లోపమనగా అదర్శనమని చెప్పినది. అంతటితో నిలువక, తరువాతి సూత్రము ప్రత్యయాదర్శనమునకు లుక్, శ్లు, లుప్ అను వేరు సంజ్ఞలు చేసినది. 1.1.62 వలన ప్రత్యయము లోపించినను తన్నిమిత్తమైన కార్యము జరుగును, 1.1.63 వలన లుమత్సంజ్ఞలచే పోయినచో అంగకార్యము జరుగదు. అదర్శనము సమానము, ఫలము భిన్నము. కనుకనే సంజ్ఞలును భిన్నములు. పోలిక ఇంతవరకే. అక్కడ నిలుచునది కార్యము, ఇక్కడ నిలుచునది సంతానము. అంతకుమించి రెండు శాస్త్రములకు చుట్టరికము కలుపుట సాహసము.

ఒక పంక్తియందు "రాజు సభకు వచ్చెను" అని యున్నదనుకొందము. "రాజు" అను పదము ఎమ్ అను ఎలిమెంటులో గలదు. "సభకు" అనుదాని తరువాత సప్ అను ఎలిమెంటులో "2 పురికి అని పాఠాంతరము" అను సూచన గలదు. రెండు ఎలిమెంటులను సవంశముగా త్యజించినచో "సభకు వచ్చెను" అని మిగులును. ఎవరు వచ్చిరో తెలియదు. రెండింటికి ఏకత్యాగము చేసినచో "రాజు సభకు 2 పురికి అని పాఠాంతరము వచ్చెను" అగును. రాజునకు తోడు పాఠాంతరమును సభకు వచ్చినది! ఎమ్‌కు ఏకత్యాగము, సప్‌కు సవంశత్యాగము, పాఠమునకు స్వీకారము చెప్పిననే మూలము దక్కును. టెక్స్ట్‌కంటెంట్ అను సులభోపాయము నాశ్రయించువారికి ఎల్లప్పుడు రెండవ గతియే పట్టును. ఏలయన అది క్రింది పాఠపర్వములన్నిటిని విచక్షణ లేక కలుపును.

మరియొక సూక్ష్మము గలదు. ఏ జాతి పర్వములను చూపవలెనో తెలుపు వాట్‌టుషో అను సంఖ్య జల్లెడకు ముందు ద్వారపాలకుని వలె నిలుచును. ఎలిమెంటునకు 1, పాఠమునకు 4. పాఠమే కావలెను గనుక 4 మాత్రమిచ్చుట సహజముగా తోచును. అట్లిచ్చినచో ఎలిమెంటులు జల్లెడవరకు రానేరావు. అవి తమంతట ఏకత్యాగమునే పొందును. సప్‌ను సవంశముగా విడువుమని జల్లెడలో ఎంత స్పష్టముగా వ్రాసినను ఆ విధి చరితార్థము కాదు. 1, 4 కలిపి 5 ఇయ్యవలెను. నోడ్ ఐటరేటర్‌కు 5 ఇచ్చినను ఫలము లేదు. అందు రెండు త్యాగములును ఏకత్యాగముగానే చెల్లును. యంత్రము ఏ దోషమును ప్రకటింపక తప్పు పాఠము నిచ్చుటయే ఇందలి ప్రమాదము. పదసూచిక కూర్చువాడు ఆ "పురికి" అనుదానిని మూలపదముగా లెక్కించును.

డామ్ ఎక్స్‌ఎంఎల్ పత్రములకును చెల్లును గాన, టి.ఇ.ఐ. పద్ధతిలో గుర్తులిడిన గ్రంథములకును ఈ విచారము వర్తించును. సారిట్ నందలి సంస్కృత గ్రంథములు అట్టివి. ఆ పద్ధతిలో పాఠభేదస్థానమునకు ఆప్, పరిష్కర్త స్వీకరించిన పాఠమునకు లెమ్, ఇతర పాఠమునకు ఆర్.డి.జి. అని పేర్లు. ఆప్, లెమ్‌లకు ఏకత్యాగమును, ఆర్.డి.జి.కి సవంశత్యాగమును చెప్పినచో పరిష్కృత పాఠము వచ్చును. ఒకానొక వ్రాతప్రతి పాఠమే కావలసినచో, విట్ అను విశేషణమునందు ఆ ప్రతి సంకేతమున్న ఆర్.డి.జి.కి ఏకత్యాగము, ఆ స్థానమునందలి లెమ్‌కు సవంశత్యాగము. పాఠభేదములన్నియు ప్రతిసంకేతములతో గుర్తింపబడినచో, ఒకే వృక్షమునుండి ప్రతి వ్రాతప్రతిని ఇట్లు వేరుగా చదువవచ్చును.

నడచుచు కొమ్మను నరుకరాదు. ట్రీవాకర్ తాను నిలిచిన పర్వమునే తొలగించినచో విడివడిన కొమ్మపైననే యుండిపోవును. నడక నడుమ ముగియును. నోడ్ ఐటరేటర్ మాత్రము తన స్థానమును సవరించుకొనును. కావున ట్రీవాకర్‌తో పనిచేయువారు త్యాజ్యములను ముందుగా ఏర్చియుంచి, నడక ముగిసిన పిమ్మట తొలగింపవలెను.